ఇంటికీ రచ్చకీ మధ్య ఏడేళ్లు



2021 ఏప్రిల్‌లో జపాన్ గోల్ఫ్ క్రీడాకారుడు హిదెకి మత్సుయామా అమెరికాలో మాస్టర్స్ టోర్నమెంటు గెలిచాడు. గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లను మేజర్లు అంటారు, మాస్టర్స్ వాటిలో ఒకటి. ఆ వార్త చూసి, గోల్ఫ్‌లో మేజర్ గెలిచిన మొట్టమొదటి జపాన్ దేశస్థుడు ఇతనేనని చాలామంది అనుకున్నారు. కాదండీ. అంతకు 44 ఏళ్ల ముందే ఒక మహిళ ఆ పని చేసింది. ఒక్క జపాన్‌లోనే కాదు, ఆసియా ఖండం మొత్తంలో ఆడా మగా ఎవరూ మేజర్ గెలవని రోజుల్లో గెలిచింది. ఆసియాలో పుట్టిన పురుషుడు ఒకడు మేజర్ గెలవడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది. కొరియాకు చెందిన వై.ఇ. యాంగ్ ఆ ఏడు పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ మహిళ అప్పటికి 32 ఏళ్లు ముందుంది.

ఆమె పేరు హిసాకో హిగుచి. అమెరికాలో అందరూ చాకో హిగుచి అని పిలిచేవారు.

1977 జూన్. దక్షిణ కరొలైనా రాష్ట్రంలో అట్లాంటిక్ తీరాన నార్త్ మర్టిల్ బీచ్ అనే ఊరు. అక్కడి బే ట్రీ గోల్ఫ్ ప్లాంటేషన్‌లో మహిళల మేజర్లలో ఒకటైన ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్ జరిగింది. నాలుగు రోజుల ఆట ముగిసేసరికి హిగుచి స్కోరు 279. గోల్ఫ్ అలవాటు లేని శ్రోతల కోసం రెండు మాటలు చెబుతాను. ఈ ఆటలో ఎంత తక్కువ కొడితే అంత గొప్ప. రోజుకు 18 హోల్స్, ఒక్కో హోల్‌లో బంతి పడటానికి ఇన్ని స్ట్రోకులు చాలు అని ముందే ఒక లెక్క ఉంటుంది. దాన్నే పార్ అంటారు. అక్కడ నాలుగు రోజుల పార్ 288. హిగుచి తొమ్మిది స్ట్రోకులు తక్కువలో ముగించింది. ఆమె తర్వాత రెండో స్థానంలో ముగ్గురు సమానంగా నిలిచారు. వాళ్లు ఆమె కంటే మూడు స్ట్రోకులు వెనక ఉన్నారు.

ఆ ముగ్గురూ ఎవరో తెలిస్తేనే ఈ గెలుపు బరువు తెలుస్తుంది. ఒకరు జూడీ రాంకిన్. ఆ రోజుల్లో అమెరికా మహిళల టూర్‌కి, అంటే ఏడాది పొడవునా ఊరూరా జరిగే ప్రొఫెషనల్ పోటీల వరసకి, మకుటం లేని మహారాణి. 1976లోనూ 1977లోనూ ఏడాది ఉత్తమ క్రీడాకారిణి ఆమే. రెండో ఆమె కెనడాకు చెందిన సాండ్రా పోస్ట్. ఇదే ఛాంపియన్‌షిప్‌ను 1968లో, టూర్‌లో అడుగుపెట్టిన తొలి ఏడాదే గెలిచింది. మూడో ఆమె పాట్ బ్రాడ్లీ. తర్వాతి రోజుల్లో ఆరు మేజర్లు గెలిచిన మనిషి. హిగుచి ఓడించింది వీళ్లను. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇప్పుడు మహిళల గోల్ఫ్‌లో ఏడాదికి ఐదు మేజర్లు ఉన్నాయి. 1977లో ఉన్నవి రెండే. తప్పితే మళ్లీ ఎప్పుడో.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఇంటికీ రచ్చకీ మధ్య దూరం ఎంతో, ఆ దూరం నడిచేటప్పుడు ఎన్నిసార్లు ఓడిపోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. హిగుచి కథలో నన్ను కట్టిపడేసింది ఆ మధ్యకాలమే.

యుద్ధంలో జపాన్ లొంగిపోయిన రెండు నెలలకు, 1945 అక్టోబరు 13న, సైతామా ప్రాంతంలోని కవగోయె పట్టణంలో హిగుచి పుట్టింది. టోక్యోకి వాయవ్యంగా ఉన్న పాత ఊరది. కసుమిగసెకి కంట్రీ క్లబ్ అనే పేరున్న గోల్ఫ్ క్లబ్ ఆ ఊళ్లోనే ఉంది. 1929లో పెట్టారు. ఈ క్లబ్ పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి. 1957లో అక్కడ కెనడా కప్ జరిగింది. అది దేశాల మధ్య జరిగే పోటీ. అమెరికా నుంచి సామ్ స్నీడ్, జిమ్మీ డెమరెట్ లాంటి హేమాహేమీలు వచ్చారు. జపాన్ తరఫున ఆడినవాళ్లు టొరాకిచి నకమురా, కొయిచి ఓనో. జపాన్ గెలిచింది. వ్యక్తిగతంగానూ నకమురాదే మొదటి స్థానం. యుద్ధంలో చితికిపోయి అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న దేశం అది. ఆ గెలుపును జనం టెలివిజన్‌లో చూశారు. డబ్బున్న కొద్దిమంది ఆటగా ఉన్న గోల్ఫ్ మీద అప్పటినుంచే జనానికి మోజు పెరిగింది.

ఆ నకమురానే తర్వాత హిగుచికి గురువయ్యాడు. హైస్కూల్లో ఆమె హర్డిల్స్ పరుగెత్తేది. వాళ్ల అక్క ఒక గోల్ఫ్ కోర్సులో పనిచేసేది, అలా కర్ర చేతికొచ్చింది. చదువు అయ్యాక ఆమె కూడా గోల్ఫ్ కోర్సులోనే ఉద్యోగంలో చేరి, నకమురా దగ్గర ఆట నేర్చుకుంది. అప్పటికి జపాన్‌లో మహిళా ప్రొఫెషనల్ గోల్ఫర్ అనే వృత్తే లేదు. ఏమవుదామని నేర్చుకుంటున్నావు అని ఎవరైనా అడిగితే, చూపించడానికి ముందు నడిచిన మనిషి ఒక్కరూ లేరు.

ఆమె స్వింగ్ గురించి, అంటే కర్ర ఊపే తీరు గురించి, కాస్త ఆగి చెప్పాలి. గోల్ఫ్ నేర్చుకునే ఎవరికైనా మొదటి రోజు చెప్పే పాఠం, తల కదపొద్దు అని. కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు నడుము తిరగాలి, భుజాలు తిరగాలి, తల మాత్రం ఉన్నచోటే ఉండాలి. హిగుచి అలా ఆడలేదు. కర్ర వెనక్కి లేస్తుంటే తల, భుజాలు, తుంటి అన్నీ కలిసి కుడిపక్కకి జరిగేవి. ఒంటి బరువంతా కుడికాలు మీదికి వెళ్లేది. అక్కణ్నుంచి ఆ బరువు మొత్తాన్నీ ఎడమకాలు మీదికి తోసుకుంటూ వచ్చి బంతిని కొట్టేది. చూసేవాళ్లకి గాలికి ఊగిన వెదురు మళ్లీ నిటారుగా లేచినట్టు ఉండేది. పుస్తకాల ప్రకారం ఇది తప్పు. తప్పు అనడానికి కారణమూ ఉంది. పక్కకి జరిగిన ఒళ్లు సరిగ్గా బయల్దేరిన చోటికే తిరిగి రాకపోతే, కర్ర అంచు వేలెడు తేడాతో నేలకి తగులుతుంది, బంతి ఎటో పోతుంది. కాబట్టి ఇలా ఆడేవాళ్లకి లయ తప్పకూడదు. వంద సార్లు ఊగితే వంద సార్లూ అదే వేళకి, అదే చోటికి తిరిగి రావాలి.

నకమురా ఆ ఊపును మాన్పించలేదు. భుజబలం తక్కువున్న మనిషికి ఒంటి బరువే బలం అన్న లెక్క అందులో ఉంది. ఎదురొచ్చే హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య అడుగులు లెక్క తప్పకుండా వేసిన అమ్మాయి కాబట్టి, ఆ లయ ఆమెకు పట్టుబడిందేమో అని నాకనిపిస్తుంది. అమెరికా వెళ్లాక కూడా ఆమె దాన్ని మార్చుకోలేదు. నలుగురూ తప్పు అంటున్న పద్ధతిని నమ్మి, దాంతోనే మేజర్ దాకా వెళ్లింది. గురువు గొప్పతనం ఎంతో, శిష్యురాలి పట్టుదల అంత.

1967లో జపాన్‌లో మహిళలకి మొట్టమొదటి ప్రొఫెషనల్ అర్హత పరీక్ష పెట్టారు. దాన్ని జపాన్‌లో ప్రో టెస్ట్ అంటారు. అందులో మొదటి స్థానం హిగుచిది. ఆ మొదటి తరంలో చాలామంది గోల్ఫ్ కోర్సుల్లో ఉద్యోగాలు చేసుకుంటూ వచ్చినవాళ్లే. పగలు పెద్దమనుషుల సంచులు మోసి, తీరిక దొరికినప్పుడు నాలుగు బంతులు కొట్టుకున్న అమ్మాయిలు. ఆ మరుసటి ఏడు, 1968లో, జపాన్ మహిళల ప్రొఫెషనల్ ఛాంపియన్‌షిప్ మొదలైంది. హిగుచి గెలిచింది. 1969లోనూ గెలిచింది. 1974 దాకా వరుసగా ఏడేళ్లు ఆమె తప్ప ఇంకెవరూ ఆ కప్పు ముట్టుకోలేదు. మొత్తం మీద ఆ టైటిల్ తొమ్మిది సార్లు, జపాన్ ఓపెన్ ఎనిమిది సార్లు ఆమెకే దక్కాయి. ఏడాదిలో అందరికంటే ఎక్కువ ప్రైజ్ మనీ సంపాదించిన క్రీడాకారిణిగా పదకొండు సార్లు నిలిచింది. జపాన్ టూర్‌లో ఆమె గెలుపులు 69. ఆ లెక్కని ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు.

ఆ 69 చూసి కొందరు పెదవి విరుస్తారు. అప్పట్లో ఆడేవాళ్లే కొద్దిమంది, పోటీ ఎక్కడుంది అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. పోటీ తక్కువని అందరికంటే బాగా తెలిసిన మనిషి హిగుచే. అందుకే ఆమె 1970లో అమెరికా వెళ్లింది.

ఆ ప్రయాణం ఎలాంటిదో ఒక్కసారి ఊహించండి. ఇంట్లో దాదాపు ఓటమి ఎరగని మనిషి. అక్కడే ఉండిపోతే మరో పదేళ్లు రాణిలా బతకొచ్చు. డాలరుకి 360 యెన్‌లు పెట్టుకోవాల్సిన కాలం. మామూలు జనం సరదాగా విదేశాలకి వెళ్లడానికి జపాన్ ప్రభుత్వం అనుమతించి అప్పటికి ఆరేళ్లే అయింది. అమెరికా మహిళల టూర్ 1950లో పుట్టింది. అంటే వాళ్లకి ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఆ టూర్‌లో ఆడేవాళ్లు వారం వారం ఊరు మారుతూ, దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతూ ఉంటారు. జపాన్ పచ్చికకి అలవాటుపడ్డ చేతులకి ఫ్లోరిడా గడ్డి ఒక తీరు, కాలిఫోర్నియా గడ్డి ఇంకో తీరు. భాష రాదు. తెలిసిన మొహం ఉండదు. జపాన్‌లో ఆమె ఎవరో అందరికీ తెలుసు, అక్కడ ఎవరికీ తెలియదు.

ఆమె అక్కడే స్థిరపడిపోలేదు. ఏటా కొన్నాళ్లు అమెరికాలో ఆడేది, మళ్లీ జపాన్ వచ్చి తన టోర్నమెంట్లు ఆడేది. ఇంట్లో గెలుపు, బయట ఓటమి, మళ్లీ ఇంట్లో గెలుపు. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు. 1970 నుంచి 1977 దాకా ఏడేళ్లు. ఇంట్లో దొరికే చప్పట్లు చాలనుకోవడానికి ఏటా ఒక అవకాశం వచ్చింది. ఏటా ఆమె మళ్లీ విమానమే ఎక్కింది. నా దృష్టిలో ఆమె జీవితంలో అన్నిటికంటే గొప్ప ఘట్టం ఇదే. 279 అన్న అంకె దాని తర్వాతే.

ఫలితం మెల్లగా వచ్చింది. 1974లో ఆస్ట్రేలియా మహిళల ఓపెన్ మొదటిసారి జరిగింది, దాన్ని హిగుచి గెలిచింది. 1976లో ఇంగ్లండులోని సన్నింగ్‌డేల్‌లో కోల్గేట్ యూరోపియన్ టోర్నమెంటు. అవును, మన పళ్ల పేస్టు కోల్గేటే. ఆ కంపెనీ ఆ దశకంలో మహిళల గోల్ఫ్ మీద చాలా డబ్బు పెట్టింది, టెలివిజన్‌లోకి తెచ్చింది. ఆ పోటీ కూడా అమెరికా టూర్ లెక్కలోదే. అమెరికా టూర్‌లో హిగుచి మొదటి గెలుపు అది. మరుసటి ఏడు నార్త్ మర్టిల్ బీచ్. అప్పుడామెకి 31 ఏళ్లు.

ఒక దేశం నుంచి ఒకరు మేజర్ గెలిస్తే, వెంటనే పదిమంది తయారవుతారని అనుకుంటాం. కొరియాలో అలాగే జరిగింది. 1998లో పాక్ సే-రి ఇదే ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్పూ, అమెరికా ఓపెనూ గెలిస్తే, టీవీలో అది చూసిన చిన్నపిల్లలు పదేళ్లు తిరిగేసరికి టూర్‌ని నింపేశారు. జపాన్‌లో మాత్రం రెండో మేజర్‌కి 42 ఏళ్లు పట్టింది.

మధ్యలో గొప్పవాళ్లు లేరని కాదు. అయాకో ఒకమోతో ఉంది. సాఫ్ట్‌బాల్ పిచర్‌గా ఆడి, ఇరవై ఏళ్లు దాటాక గోల్ఫ్ కర్ర పట్టిన మనిషి. అమెరికా టూర్‌లో 17 గెలుపులు. 1987లో అమెరికా టూర్ ఉత్తమ క్రీడాకారిణి ఆమే. అమెరికా బయటి వాళ్లకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అదే ఏడు అమెరికా ఓపెన్‌లో ముగ్గురు సమానంగా నిలిచారు. లారా డేవిస్, జోయాన్ కార్నర్, ఒకమోతో. మళ్లీ 18 హోల్స్ ఆడించారు. డేవిస్ 71, ఒకమోతో 73. రెండు స్ట్రోకుల తేడాతో మేజర్ చేజారింది. 1984లో ఇంగ్లండులోని వోబర్న్‌లో ఆమె బ్రిటిష్ ఓపెన్‌ని 11 స్ట్రోకుల తేడాతో గెలిచింది. కానీ అప్పటికి దానికి మేజర్ హోదా లేదు, 2001లో వచ్చింది. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆమె తర్వాత ఒకినావా నుంచి అయ్ మియాజాతో వచ్చింది. 2003లో, హైస్కూల్లో ఉండగానే, ప్రొఫెషనల్ టోర్నమెంటు గెలిచి దేశాన్ని ఊపేసింది. 2010లో ప్రపంచంలో నంబర్ వన్ అయింది. మేజర్ మాత్రం ఆమెకీ దక్కలేదు.

ఈ ఎడం ఎందుకొచ్చిందంటే నాకు తోచిన కారణం ఒకటుంది. జపాన్ సొంత టూర్ బాగా బలపడింది. వారం వారం టోర్నమెంటు, మంచి ప్రైజ్ మనీ, టీవీ ప్రసారాలు, సొంత భాష, సొంత తిండి. ఇల్లు ఇంత బాగుంటే రచ్చకి ఎందుకు వెళ్లడం అనుకున్నవాళ్లు ఎక్కువ. ఆ ఇంటిని కట్టినవాళ్లలో ముందు వరసలో ఉన్నది హిగుచే. 1974లో మహిళా ప్రొఫెషనల్స్ పురుషుల సంఘం నుంచి వేరుపడి సొంత సంఘం పెట్టుకున్నారు. తర్వాతి రోజుల్లో హిగుచి పదేళ్లకి పైగా దానికి అధ్యక్షురాలిగా పనిచేసింది. తను మొదలైనప్పుడు లేని వృత్తిని, వందల మంది అమ్మాయిలకి అన్నం పెట్టే వృత్తిగా నిలబెట్టింది. 2003లో అమెరికాలోని ప్రపంచ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చారు. ఆ ఏడు ఆమెతోపాటు స్వీడన్‌కి చెందిన అనికా సోరెన్‌స్టామ్ పేరు కూడా చేరింది.

2019లో వోబర్న్‌లోనే, ఒకమోతో గెలిచిన ఆ క్లబ్‌లోనే, హినాకో షిబునో అనే ఇరవై ఏళ్ల అమ్మాయి బ్రిటిష్ ఓపెన్ ఆడింది. జపాన్ దాటి ఆడటం ఆమెకి అదే మొదటిసారి. చివరి రోజు మూడో హోల్‌లో గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, బంతిని నాలుగు సార్లు కొట్టాల్సి వచ్చి రెండు స్ట్రోకులు పోగొట్టుకుంది. అయినా నవ్వుతూనే ఉంది. హోల్‌కీ హోల్‌కీ మధ్య చిరుతిళ్లు తింటూ, జనం చేతులకి చేతులు తగిలిస్తూ నడిచింది. చివరి హోల్‌లో దూరం నుంచి బంతిని హోల్‌లోకి దొర్లించి, బర్డీతో, అంటే పార్ కంటే ఒకటి తక్కువతో, ఒక్క స్ట్రోక్ తేడాతో గెలిచింది. ఈసారి ఆ టోర్నమెంటుకి మేజర్ హోదా ఉంది.

ఇప్పుడు కసుమిగసెకి క్లబ్ సంగతి. టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్ పోటీలకి ఆ క్లబ్‌ని ఎంచుకున్నాక ఒక విషయం బయటి ప్రపంచం దృష్టికి వచ్చింది. అక్కడ మహిళలకి పూర్తి సభ్యత్వం లేదు. కొన్ని ఆదివారాల్లో వాళ్లు ఆడటానికీ వీల్లేదు. 21వ శతాబ్దంలో ఇదేమిటని టోక్యో గవర్నర్ యురికో కొయికె అసంతృప్తి చెప్పారు. ఒలింపిక్ కమిటీ పట్టుబట్టింది. 2017 మార్చిలో క్లబ్ ఆ నిబంధన మార్చింది. మేజర్ గెలిచిన ఆసియా తొలి మనిషి పుట్టిన ఊళ్లో, ఆమె గెలిచిన నలభై ఏళ్లకి, ఆడవాళ్లు సభ్యులు కావడానికి తలుపు తెరిచారు. నలభై ఏళ్లు. ఈ మాట చెబుతుంటే నాకు కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదనే అనుకుంటాను.

2021 ఆగస్టు 7, శనివారం. ఆ కోర్సులో ఒలింపిక్ మహిళల గోల్ఫ్ చివరి రోజు. మన దేశంలో తెల్లవారకముందే లేచి, జన్మలో గోల్ఫ్ చూడనివాళ్లు కూడా టీవీల ముందు కూర్చున్న రోజది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ పతకానికి దగ్గరలో ఉంది. వాళ్లమ్మే ఆమెకి క్యాడీ, అంటే సంచి మోసే తోడు. మధ్యలో వాతావరణం బాగాలేక ఆట ఆగి మళ్లీ మొదలైంది. అమెరికాకి చెందిన నెల్లీ కోర్డా 17 తక్కువతో స్వర్ణం గెలిచింది. జపాన్ అమ్మాయి మోనె ఇనామి, న్యూజిలాండ్‌కి చెందిన లిడియా కో 16 తక్కువ దగ్గర సమానంగా నిలిచారు. అదితి 15 తక్కువ, నాలుగో స్థానం. ఒక్క స్ట్రోక్. రజతం కోసం ఇనామి, కో మళ్లీ ఒక హోల్ ఆడారు, ఇనామి గెలిచింది. గోల్ఫ్‌లో జపాన్‌కి మొదటి ఒలింపిక్ పతకం ఒక మహిళ తెచ్చింది, కవగోయెలో తెచ్చింది.

ఆ తర్వాత జోరు మారింది. 2024లో యూకా సాసో అమెరికా ఓపెన్, అయాకా ఫురుయె ఎవియన్ ఛాంపియన్‌షిప్ గెలిచారు, రెండూ మేజర్లే. 2025 ఏప్రిల్‌లో మావో సైగో మరో మేజర్, షెవ్రాన్ ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ ఆగస్టులో వేల్స్‌లోని రాయల్ పోర్త్‌కాల్‌లో మియు యమాషిత బ్రిటిష్ ఓపెన్ గెలిచింది. యమాషిత ఎత్తు 150 సెంటీమీటర్లు. సముద్రపు గాలిలో, తనకంటే ఎంతో దూరం కొట్టేవాళ్ల మధ్య, తిన్నగా కొట్టి గెలిచింది. 2022, 2023ల్లో జపాన్ టూర్‌లో ఏడాది మొత్తం మీద అగ్రస్థానం ఆమెదే. అక్కడ ఆమెకి నిరూపించుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. అయినా 2024 చివర్లో అమెరికా వెళ్లి, కొత్తవాళ్లతో కలిసి అర్హత పోటీలో ఆడింది, అందులో మొదటి స్థానంలో నిలిచింది. వేల్స్‌లో ఆమె గెలిచిన నాటికి అమెరికా టూర్‌లో ఆమెకది తొలి ఏడాది. హిగుచికి అప్పటికి 79 ఏళ్లు.